మెట్లే మందు

మా కేంద్రానికి కింద ఒకటి, పైన మూడు అంతస్తులు, అరవై ఆరు మెట్లు, ఒక లిఫ్టు. లిఫ్టు పని మనుషుల్ని పైకి తీసుకుపోవడమని మీరు అనుకుంటారు. మా లిఫ్టు మాత్రం గత శ్రావణమాసం నుంచి మెడలో బంతిపూల దండ, ఒంటి మీద లక్క ముద్ర, నుదుట ఒక అట్ట తగిలించుకుని కింది అంతస్తులోనే సమాధి స్థితిలో ఉంది. అట్ట మీద పచ్చరంగులో ‘మెట్లే మందు’ అని రాసి ఉంటుంది. ఆ రెండు మాటలూ నావే. ఈ వ్యవహారంలో నేను చేసిన నేరం అదొక్కటేనని చెప్పుకోవాలని నాకూ ఉంది గానీ, ఇంకా ఒకటి రెండు ఉన్నాయి.

నా పేరు ఉప్పల శివరాజం. సహజ ఔషధ సమ్మేళనాల పరిశోధనా కేంద్రంలో భాషాధికారిని. పైనుంచి ఇంగ్లీషులో వచ్చే ఉత్తర్వు ఎవరికీ అర్థం కాకపోతే, దాన్ని తెలుగులోకి మార్చి, తెలుగువాళ్ళకు కూడా అర్థం కాకుండా చేయడం నా ఉద్యోగం. హనుమకొండ దాటాక, గుట్ట పక్కన, ఊరికి దూరంగా ఉంటుంది మా కేంద్రం. ఊరికి దూరంగానే కాదు, ఊరికే దూరంగా కూడా ఉంటుంది.

మేం చేసే పని గొప్పదే. చెట్లలో, తీగల్లో, వేళ్ళలో ఉండే పదార్థాలు వంశపారంపర్యంగా వచ్చే కండరాల జబ్బులకు మందుగా పనికొస్తాయేమో వెతకడం. ఆ జబ్బులు ఎలాంటివంటే, పిల్లలు అందరిలాగే పుడతారు, ఆడతారు, ఉరుకుతారు. ఒకరోజు బస్సు మెట్టు కాస్త ఎత్తయినట్టు అనిపిస్తుంది. ఇంకోరోజు కింద కూర్చున్నవాళ్ళు లేవడానికి తొడల మీద చేతులు ఆనించాల్సి వస్తుంది. తరవాత మెట్లు పోతాయి, తరవాత నడక పోతుంది, తరవాత చేతులు. అదే ఇంట్లో ముందు అన్నకు వచ్చి, ఆ తరవాత చెల్లెలికి వస్తే, తనకు రేపేం జరగబోతుందో ఆ చెల్లెలు అన్న మంచం మీద చూస్తూనే ఉంటుంది.

డాక్టర్ వైజయంతి గారు ఏడేళ్ళుగా ఒకే ఒక్క తీగ వెంట పడ్డారు. మా ప్రహరీగోడ మీద పాకే పిచ్చితీగ అది. ఇక్కడివాళ్ళు ఉడుంతీగ అంటారు. గోడను పట్టుకుంటే ఊడిరాదు. దానిలోంచి ఆవిడ ఒక పదార్థం తీశారు. జబ్బున్న ఎలుకల్ని ఇనుపతీగకు వేలాడదీస్తే ఇరవై సెకన్లలో జారిపడేవి. ఆ పదార్థం తిన్నవి నిమిషన్నర వేలాడాయి. ఆ రోజు ఎలుకల గదిలో నేనూ ఉన్నాను. వేలాడుతున్న ఎలుక మావైపు చూసిన చూపుకి, మా కేంద్రంలో పట్టున్న ప్రాణి ఇదొక్కటే అనిపించింది. మనుషుల మీద తొలి పరీక్షకు అనుమతి కూడా వచ్చింది: పన్నెండు మంది, ఆరు వారాలు, వారానికి ఒక మోతాదు. షరతు ఒక్కటే. జబ్బు ఉండాలి, నడక ఇంకా మిగిలి ఉండాలి. చదును నేల మీద ఆరు నిమిషాల్లో కనీసం నూటయాభై మీటర్లు నడవాలి. అంతకన్నా తగ్గితే పరీక్షలోకి తీసుకోరు.

సరిగ్గా అప్పుడే మా డైరెక్టరు కృత్తివాసరావు గారికి ప్రకృతి పట్టుకుంది.

ఆయన ఎక్కడో పదిరోజుల సహజ జీవన శిబిరానికి వెళ్ళివచ్చారు. వెళ్ళేటప్పుడు బూట్లతో వెళ్ళారు, వచ్చేటప్పుడు పాదాలతో వచ్చారు. రాగానే సమావేశం పెట్టి, ఇకనుంచి కేంద్రంలో కృత్రిమమైనదేదీ ఉండరాదని ప్రకటించారు. కృత్రిమం పోయింది, కృత్తివాసం మిగిలింది. గదుల్లో ఏసీలు తీసేసి వట్టివేళ్ళ తడికలు కట్టించారు. ప్లాస్టిక్ కుర్చీలకు బదులు చాపలు వచ్చాయి. చాపల మీద కూర్చున్నాక లేవడం మాకు కష్టమైంది కాబట్టి సమావేశాల నిడివి పెరిగింది.

వైజయంతి గారు నా గదికి వచ్చి, ఎలుకల గదిలో ఏసీ ఆపితే ఎలుకలు చస్తాయి, రసాయనాలు చల్లగా లేకపోతే ఏడేళ్ళ పని చస్తుంది, ఏదైనా చేయండి అన్నారు. నాకు తెలిసింది పేర్లు పెట్టడమే. ఏసీ మీద ‘మలయమారుతం’ అని బోర్డు తగిలించాను. ఫ్రిజ్‌కి ‘హిమగిరి’, గిరగిరా తిరిగి ద్రవాల్ని విడగొట్టే యంత్రానికి ‘కవ్వం’. డైరెక్టరుగారు తనిఖీకి వచ్చి మలయమారుతం ముందు కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు నిలబడి, గుట్ట మీది గాలి ఎంత హాయి అన్నారు. ఆ గాలి అప్పుడు ఇరవై రెండు డిగ్రీల మీద పెట్టి ఉంది.

లిఫ్టుని మాత్రం కాపాడలేకపోయాను. ‘పుష్పకం’ అని ప్రతిపాదించాను. ఎగరడం మనిషికి సహజం కాదని ఆయన కొట్టేశారు.

“కోతి చెట్టెక్కుతుంది. ఉడుత చెట్టెక్కుతుంది. లిఫ్టెక్కే జంతువు మనిషొక్కడే శివరాజంగారూ. అందుకే మనిషి కండ కరిగిపోతోంది. మనది కండరాల మీద పరిశోధన చేసే సంస్థ. మనమే లిఫ్టు వాడితే ప్రజలకేం సందేశం ఇస్తాం? లిఫ్టుకి సీలు వేయించండి. ఏదైనా మంచి నినాదం రాయండి.”

రాశాను. నోరు ఊరుకోదు, కలం అసలే ఊరుకోదు. ఆయన మురిసిపోయి శాలువా కప్పారు. ఖద్దరు శాలువా, సహజమైనదే, గుచ్చుకుంటుంది.

ఇక పేర్ల నమోదు. కింది అంతస్తులో మూలికల ప్రదర్శనశాల, మొదటి అంతస్తులో కార్యాలయం, రెండో అంతస్తులో ప్రయోగశాల. ఖాళీ ఉన్నది మూడో అంతస్తు ఒక్కటే. కాబట్టి కండరాల రోగుల నమోదు గది మూడో అంతస్తులో పెట్టారు. దీన్లో ఎవరి దురుద్దేశమూ లేదు. ఖాళీ ఎక్కడుంటే అక్కడే కదా గది.

ఆ గదికి అధిపతి మా పరిపాలనాధికారి మల్హర్‌రావు. మనిషి సన్నం, నిబంధన లావు. ఆయన మాట్లాడితే ఎదుటివాళ్ళకు చెబుతున్నట్టు ఉండదు, నోటీసు బోర్డుకి అంటిస్తున్నట్టు ఉంటుంది. నిబంధనలు డైరెక్టరుగారు చెప్పగా ఆయన రాసుకున్నారు. అభ్యర్థి నమోదు గదికి స్వయంగా, సహజ పద్ధతిలో, అన్యుల సహాయం లేకుండా హాజరు కావలెను. నమోదు రిజిస్టరు నంబరు మూడు, మూడో అంతస్తు దాటి కదలరాదు. మందు కూడా ఆ రిజిస్టరు సమక్షంలోనే మింగవలెను. మెట్ల పక్కనున్న కటకటాలు పట్టుకోవడం సహాయం కిందికి వస్తుందా రాదా అని వైజయంతి గారు అడిగితే, ఇనుము అన్యమే కనుక అన్యుల సహాయం కిందికే వస్తుందని ఆయన నిర్ణయించారు.

మొదటి సోమవారం తొమ్మిది మంది రోగులు వచ్చారు. కొందరు ఆటోల్లో, ఒకరు పాలవ్యానులో. అందరూ గేటు దాటి, మెట్ల దాకా నడిచి, మెట్లని చూశారు. మెట్లు కూడా వాళ్ళని చూశాయి. గంటసేపు ఆ చూపులతోనే సరిపోయింది.

వాళ్ళలో రజిత ఉంది. ఇరవై నాలుగేళ్ళు, ధర్మసాగర్ దగ్గర పల్లె, జాకెట్లు కుడుతుంది. కుట్టుమిషను తొక్కడం కష్టమై రెండేళ్ళ కింద మోటారు పెట్టించుకుంది. వాళ్ళన్న రాజకొమురు నాలుగేళ్ళుగా మంచం మీద ఉన్నాడు. ఆమె చేతిలో ప్లాస్టిక్ సంచిలో హైదరాబాదు పెద్దాసుపత్రి కాగితాలున్నాయి: జబ్బు పేరు, ఏ జన్యువులో తప్పు ఉన్నదీ, అన్నీ. వెంట వాళ్ళ నాయన ఐలయ్య. కల్లుగీత కార్మికుడు, అరవై దగ్గరపడ్డా రోజుకు పన్నెండు తాటిచెట్లెక్కి దిగే మనిషి.

వైజయంతి గారు తన చేతిగడియారం పెట్టి, గేటు ముందున్న సిమెంటు బాట మీద రజితని నడిపించి చూశారు. ఆరు నిమిషాల్లో రెండువందల పన్నెండు మీటర్లు. అర్హత ఉంది. ఇక మిగిలింది పైకెక్కి సంతకం పెట్టడమే. రజిత చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి తొమ్మిది మెట్లెక్కింది. పదో మెట్టు మీద మోకాలు మడతపడి కూర్చుండిపోయింది. కూర్చుని, కింద లిఫ్టు మీదున్న నా అట్ట చదివింది.

“ఈ మందు మస్తు చేదున్నది సార్,” అంది నాతో.

నేను నవ్వబోయి ఆగిపోయాను. నా మాటల మీద ఎవరైనా మాట వేస్తే ముచ్చటపడే అలవాటు నాది. ఆ రోజు ముచ్చట పడలేకపోయాను.

ఐలయ్య నాతో పాటు పైకొచ్చి మల్హర్‌రావుని అడిగాడు. “సారూ, బుక్కు జెర కిందికి తెప్పియ్యుండ్రి. నా బిడ్డ సంతకం పెట్టి పోతది. గంతే.”

“రిజిస్టరు నంబరు మూడు మూడో అంతస్తుకు సంబంధించినదిగా పరిగణించబడినది. స్థానచలనానికి అవకాశము లేదు.”

“బుక్కుకు చలనం లేకుంటె లేకపాయె. నా బిడ్డకు గూడ లేదు గదా సారూ. ఇద్దరు కదలకపోతె ఎట్ల?”

మల్హర్‌రావు చాలాసేపు ఆలోచించి, ఇది విధానపరమైన ప్రశ్న అన్నారు.

అంతలో పైకి ఇంకో నలుగురు ఎక్కి వచ్చారు. రోగులు కాదు, రోగుల తాలూకు బంధువులు; కిందివాళ్ళ తరఫున అడగడానికి వచ్చినవాళ్ళు. మల్హర్‌రావు వాళ్ళని కూర్చోబెట్టి, ఎలా వచ్చారని అడిగారు. మెట్లెక్కి అన్నారు. మెట్లెక్కగలిగితే మీకు జబ్బెక్కడిదన్నారు. మాకు లేదు సార్, కింద ఉన్నవాళ్ళకుంది అన్నారు. కింద ఉన్నవాళ్ళు హాజరు కాలేదు గనుక వాళ్ళ సంగతి కేంద్రం దృష్టికి రాలేదన్నారు. సాయంత్రానికి నివేదిక తయారైంది. హాజరైనవారు: ఐదుగురు, వ్యాధి లేదు. గైర్హాజరు: తొమ్మిది మంది. కాబట్టి ఈ జిల్లాలో వంశపారంపర్య కండరాల వ్యాధి ఉన్నట్లు కేంద్రానికి ఆధారము లభించలేదు. దాన్ని చక్కని తెలుగులో పెట్టింది నేనే. రెండో నేరం.

డైరెక్టరుగారు మొదట సంతోషించారు. జబ్బే లేని జిల్లా అంటే మాటలా. తరవాత వైజయంతి గారు, పన్నెండు మంది లేకపోతే పరీక్షకు ఇచ్చిన అనుమతి నెలాఖరుకి రద్దవుతుందని గుర్తుచేశాక ముఖం వాడింది.

రెండో సోమవారం ఐలయ్య మోకు తెచ్చాడు. తాటిచెట్టెక్కేటప్పుడు నడుముకీ చెట్టుకీ కలిపి చుట్టే తాడు అది. రజితని వీపున ఎక్కించుకుని, మోకుతో తనకు కట్టుకుని, అరవై ఆరు మెట్లు ఒక్క ఊపులో ఎక్కేశాడు. చెట్టు మీంచి కల్లుకుండని కూడా ఒలకకుండా దించే మనిషి, బిడ్డని ఒలకనిస్తాడా. నేను వెనకాల ఆయాసపడుతూ ఎక్కి చేరేసరికి ఆయన నమోదు గది ముందు నిలబడి మోకు విప్పుతున్నాడు.

మల్హర్‌రావు కళ్ళజోడు సర్దుకుని ఇద్దరినీ చూశారు. తరవాత మెట్లని చూశారు. తరవాత నిబంధనల కాగితాన్ని చూశారు. కలం తీసి రిజిస్టరులో నెమ్మదిగా రాశారు. నేను భుజం మీదుగా తొంగిచూశాను.

స్వయంగా హాజరైనవారు: గుండగాని ఐలయ్య. వెంట తెచ్చిన సామాను: ఒకటి.

రజిత కూడా చదివింది. ఆమె చదువు ఇంటర్ దాకా.

“సార్, సామాను అని రాసిండ్రు. మంచిదే. మరి రసీదు ఇయ్యుండ్రి. రేపు పోతె ఎవలను అడుగాలె?”

“ఎక్కినది ఆయన. తమరు ఎక్కించబడినారు,” అన్నారు మల్హర్‌రావు. “కర్త వేరు, కర్మ వేరు.”

“కర్మ మాదే అని ఎరుకే సార్,” అంది రజిత.

వైజయంతి గారు అక్కడే మల్హర్‌రావుతో పోట్లాడారు. గొంతు పెంచే మనిషి కాదావిడ. ఆ రోజు మూడంతస్తులూ విన్నాయి. చివరికి డైరెక్టరుగారు వచ్చి విషయం అంతా విని, ముఖం వెలిగిపోయి, మల్హర్‌రావు దారి చూపించారన్నారు. స్వయంగా, సహజంగా హాజరైనవాళ్ళే అభ్యర్థులు. అభ్యర్థులే రోగులు. కాబట్టి ఎక్కివచ్చినవాళ్ళనే పన్నెండు మందిగా తీసుకోవాలి. నిబంధన పాటించినట్టూ ఉంటుంది, పరీక్ష ఆగకుండానూ ఉంటుంది.

వైజయంతి గారు ఆ కాగితం మీద సంతకం పెట్టనన్నారు. పెట్టనక్కర్లేదు, డైరెక్టరు సంతకం చాలని మల్హర్‌రావు నిబంధన చూపించారు.

అలా పన్నెండు మంది దొరికారు. ఐలయ్య, ఆ నలుగురు బంధువులు, ప్రదర్శనశాల చూడడానికొచ్చి తప్పిపోయి పైకొచ్చిన ముగ్గురు డిగ్రీ కుర్రాళ్ళు, క్యాంటీను మధూకర్, ఎలుకల దాణా తెచ్చే ఆయన, నీళ్ళ ట్యాంకు చూడడానికొచ్చిన ప్లంబరు. పన్నెండోవాడు కొరియరు అతను. పార్శిలు ఇచ్చి, ఇక్కడ సంతకం పెట్టండి అని కాగితం చాపితే, మల్హర్‌రావు ముందు మీరు ఇక్కడ పెట్టండి అని రిజిస్టరు చాపారు. అతను అలవాటులో పెట్టేశాడు. మెట్లెక్కేవాళ్ళు దొరికారు గానీ, సంగతి తలకెక్కేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు.

ఐలయ్యకి మాత్రం ఎక్కింది. మొదటి మోతాదు రోజున ఆయన మందు పొట్లం చేతిలో పట్టుకుని, ఇది బిడ్డకిస్తానని వైజయంతి గారిని అడిగాడు. ఆవిడ కుదరదన్నారు. నెత్తురు పరీక్షలు లేకుండా, గుండె చూడకుండా, లెక్కలేని మోతాదు ఇస్తే మేలుకన్నా కీడు జరగొచ్చు. పేరు నమోదైతేనే నేను చూసుకోగలను అని నచ్చచెప్పారు. ఆయన రిజిస్టరు ముందు నిలబడి మందు మింగి, నీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నాడు.

“చెట్టెక్కెటోనికి బలం ఇస్తున్నరు. నడువనోళ్లకు మెట్లిస్తున్నరు,” అన్నాడు నాతో. “ఎవలు చదువుకున్నోళ్లు సారూ మీలో?”

నా దగ్గర సమాధానానికి ఒక చమత్కారం ఉంది. నోటిదాకా వచ్చింది. మింగేశాను. మందు కన్నా అది చేదు.

ప్రతి సోమవారం రజిత గేటు దగ్గరికి వచ్చేది. నాయన పైకెక్కి మందు మింగుతుంటే, కింద సిమెంటు బాట మీద వైజయంతి గారు గడియారం పట్టుకుని ఆమెని నడిపించేవారు. ఇది ఏ ఫైలులోనూ లేదు. వైజయంతి గారు తన చిన్న నోటు పుస్తకంలో అంకె రాసుకునేవారు. నేను చుట్టూ తిరుగుతూ చూసేవాణ్ణి. 205. 199. 194. ఒక వారం 196 వచ్చింది, ఆ రోజు రజిత బెంచీ మీద కూర్చుని నా జేబులోని కలం తీసుకుని, ఎడమచేతి గోరు మీద 196 అని రాసుకుంది. తరవాతి వారం 187. ఆ తరవాత అంకె చెప్పమని ఆమె అడగలేదు. నూటయాభై కిందికి పోతే రిజిస్టరే ఆమె ఇంటికొచ్చినా లాభం లేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు, వైజయంతి గారికి తెలుసు, నాకు తెలుసు. మల్హర్‌రావుకి తెలియాలంటే అది మూడో అంతస్తుకి రావాలి.

ఆరు వారాలు పూర్తయ్యాయి. ఆ తరవాత ఫలితాల మదింపు అంటూ మల్హర్‌రావు ఇంకో నాలుగు వారాలు తిన్నారు. చివరికి ఫలితం అద్భుతం. పన్నెండు మందీ ఎవరి సాయమూ లేకుండా అరవై ఆరు మెట్లు ఎక్కగలుగుతున్నారు. నూటికి నూరు. ఏ దేశంలోనూ ఏ మందూ సాధించనిది మా మెట్లు సాధించాయని డైరెక్టరుగారు ప్రకటించారు. మందు వల్ల ఎంత, మెట్ల వల్ల ఎంత అని ఎవరో విలేఖరి అడిగితే, మెట్లు ప్రతిసారీ వాడారు, మందు వారానికి ఒక్కసారే, మీరే లెక్క వేసుకోండి అన్నారు. రెండో విడతకి ఇంకో పన్నెండు మందిని అదే పద్ధతిలో తీసుకుంటామన్నారు. సభ ఏర్పాటైంది. మూడో అంతస్తులోనే.

ముఖ్య అతిథి రాజధాని నుంచి వచ్చిన ఒక పెద్ద అధికారి. భారీ మనిషి, మోకాళ్ళు రెండూ పోయాయి. కారు దిగి మెట్లని చూశారు. ఈసారి మెట్లు చిన్నబోయాయి. మల్హర్‌రావు ఒక్క క్షణం కూడా తడబడలేదు. లిఫ్టు సీలు సక్రమంగా ఉన్నదీ లేనిదీ ఉన్నతాధికారులు తనిఖీ చేయడం నిబంధనలలో ఉందని చెప్పారు. తనిఖీ నిమిత్తం సీలు తీశారు. దండ పక్కకి జరిపారు. పెద్దాయన లోపలికెళ్ళి, లిఫ్టు మూసి ఉన్నదో లేదో లోపలినుంచి పరిశీలిస్తూ మూడో అంతస్తుకు చేరుకున్నారు. వెనకాలే రజిత కూడా లిఫ్టు దాకా నడిచి వచ్చింది. తనిఖీ అధికారులకు మాత్రమేనని మల్హర్‌రావు ఆపారు. తలుపులు మూసుకున్నాయి. ఆమె మళ్ళీ గేటు దగ్గరి బెంచీకి వెళ్ళి కూర్చుంది.

ఆ రోజు పొద్దున వైజయంతి గారి పుస్తకంలో అంకె 163.

సభలో నేనే వ్యాఖ్యాతని. ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పించి, రెండు మాటలు చెప్పించాలి. కొరియరు అతను తనకు చాలా మెరుగ్గా ఉందన్నాడు. పాపం, శాలువాకి కూడా సంతకం పెట్టాలా అని అడిగాడు. ఐలయ్య వంతు వచ్చింది. ఎక్కడా ఆగకుండా మెట్లెక్కే ఉత్తమ రోగి అని డైరెక్టరుగారు పరిచయం చేశారు. ఐలయ్య శాలువా సర్దుకోలేదు. మైకుని కల్లుముంత పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

“నాకు రోగం తగ్గింది అంటున్నరు. సంతోషం. నాకున్న రోగం కింద గేటుకాడ కూసున్నది. దాని పేరు రజిత. మీ బుక్కుల సామాను అని రాసి ఉన్నది. పది వారాల సంది మీ మెట్లు తగ్గుత లేవు, నా బిడ్డ తగ్గుతున్నది.”

డైరెక్టరుగారు రోగి భావోద్వేగానికి గురయ్యారని, ఇది కూడా కోలుకోవడంలో ఒక సహజ దశ అని ముఖ్య అతిథికి వివరించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఐలయ్య మైకు నా చేతికిచ్చి కిందికి దిగిపోయాడు. కార్యక్రమంలో తరవాతి అంశం నా స్వీయ రచన, మెట్ల మీద హాస్య ప్రసంగం. కాగితం నా జేబులో ఉంది. నాలుగు పేజీలు, పేజీకి పదకొండు చమత్కారాలు.

మైకు బల్ల మీద పెట్టాను. పక్కగదిలోకి వెళ్ళాను. రిజిస్టరు నంబరు మూడు ఎర్రదారంతో బల్లకాలికి కట్టి ఉంది. దారం విప్పాను. చంకలో పెట్టుకుని, అరవై ఆరు మెట్లు దిగాను. కటకటాలు పట్టుకునే దిగాను. నా వయసుకి ఇనుము అన్యమేం కాదు. దారిలో వైజయంతి గారు కనిపించారు. ఏమీ అడగకుండా గడియారం, స్టెతస్కోపు తీసుకుని నా వెంట దిగారు.

గేటు దగ్గర రజిత నన్నూ, చంకలో ఉన్నదాన్నీ చూసింది.

“ఏంది సార్, మీరు మోసుకొచ్చిండ్రు దీన్ని? స్వయంగ రాలేదా?”

“రాలేకపోయిందమ్మా. చిన్నప్పటినుంచీ నడక లేదు.”

ఆమె నవ్వింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, రెండో విడతకి మొదటిదిగా, పదమూడో పేరుగా గుండగాని రజిత అని గుండ్రంగా రాసి సంతకం పెట్టింది. పక్కనే ‘వెంట తెచ్చిన సామాను’ అన్న గడిలో ఒక్క క్షణం ఆలోచించి, ‘నాయన’ అని రాసింది. వైజయంతి గారు దాని కింద 163 మీటర్లు, అర్హత కలదు, అని తన సంతకం చేశారు. పదమూడు మీటర్లు మిగిలి ఉండగా మా కేంద్రం ఒక రోగిని కనుక్కుంది.

మర్నాడు పొద్దున్నే మెమో వచ్చింది. రిజిస్టరు నంబరు మూడుని నిబంధనలకు విరుద్ధంగా స్థానచలనం గావించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదు, గేటు వద్ద నమోదు చేసిన పేరు ఎందుకు కొట్టివేయరాదు, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను. ఉద్యోగం పోతుందన్న భయం నాకు లేదు. రజిత పేరు పోతుందన్న భయం ఉంది. ఆ రాత్రంతా కూర్చుని రాశాను. ముప్పై ఏళ్ళుగా ఆ భాష రాస్తున్నాను; ఒక్కసారైనా ఎవరికైనా పనికిరావాలి కదా.

“రిజిస్టరు కిందికి దిగిన మాట వాస్తవము. అయితే అది లిఫ్టు వాడలేదు. ఏ యంత్ర సహాయమూ పొందలేదు. పూర్తిగా మెట్ల మీదుగా, సహజ పద్ధతిలో దిగి, అదే పద్ధతిలో పైకి చేరినది. కేంద్రం నినాదమునకు అనుగుణముగా మెట్లు వాడిన తొలి కార్యాలయ వస్తువు ఇదే. దిగివచ్చిన పిమ్మట రిజిస్టరు ఆరోగ్యము మెరుగుపడినది. పుటలు సులభముగా తిరుగుచున్నవి. పుటలలో పేర్లు కొట్టివేసినచో వచ్చిన మెరుగుదల పోవును.”

మల్హర్‌రావు దాన్ని మూడుసార్లు చదివారు. నిబంధనల కాగితంతో పోల్చి చూశారు. ఎక్కడా తప్పు దొరకలేదు. డైరెక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. డైరెక్టరుగారు చదువుతూ చదువుతూ చాప మీంచి, తొడల మీద చేతులు ఆనించి, లేచి నిలబడ్డారు.

“అద్భుతం. ఇన్నాళ్ళూ మనుషుల గురించే ఆలోచించాం. వస్తువులు ఏం పాపం చేశాయి?”

మధ్యాహ్నానికి ఉత్తర్వు వచ్చింది. రిజిస్టరు నంబరు మూడు చిరకాలముగా ఒకేచోట ఉండి చలనము కోల్పోయినందున, దాని ఆరోగ్య దృష్ట్యా, ప్రతి సోమవారము ఉదయము పదకొండు గంటలకు మెట్ల మీదుగా గేటు వరకు దింపి, గంటసేపు బయటి గాలిలో ఉంచి, తిరిగి మెట్ల మీదుగానే పైకి చేర్చవలెను. మందు రిజిస్టరు సమక్షముననే మింగవలెనన్న నిబంధన యథాతథము. ఆ గంటలో ఎవరైనా సంతకము చేసినచో కేంద్రమునకు అభ్యంతరము లేదు. మోయు బాధ్యత భాషాధికారిది.

లిఫ్టుకి సీలు ఇంకా ఉంది. అట్ట కూడా ఉంది. వానకి రంగు కాస్త కారింది. ఇప్పుడు ప్రతి సోమవారం పదకొండింటికి నేను రిజిస్టరుని చంకనెత్తుకుని దిగుతాను. గేటు దగ్గర తొమ్మిది మంది ఎదురుచూస్తుంటారు. ఐలయ్య అందరికీ బెంచీలు జరుపుతాడు. వైజయంతి గారు నెత్తురు తీస్తారు, గుండె చూస్తారు, మందు ఇస్తారు, గడియారం పట్టుకుని నడిపిస్తారు. గంట కాగానే నేను మళ్ళీ అరవై ఆరు మెట్లు ఎక్కి రిజిస్టరుని బల్లకాలికి కట్టేస్తాను. మల్హర్‌రావు దాని అట్ట తడిమి చూసి, ఆరోగ్య పత్రంలో నమోదు చేస్తారు.

ఆయన రాసే కాగితం ఒక్కటే ప్రతి వారం పైకి వెళ్తుంది. నిన్నటిది నా ముందుంది, తెలుగు చేయాలి. రిజిస్టరు దిగినది, ఎక్కినది, ఆరోగ్యము తృప్తికరము. దాని అంచున, పెన్సిలుతో, వైజయంతి గారి చిన్న అక్షరాల్లో రజిత అంకె ఉంది. ఇప్పుడే ఎవరితోనూ ఏమీ అనకండి, నెల రోజులు ఏ లెక్కలోకీ రావు అని ఆవిడ నాకు గట్టిగా చెప్పారు. అనను. అంకె మాత్రం చెబుతాను.

నిన్న 163. పోయిన వారం 163. అంతకు ముందు వారం 163.